మంచు కరిగే వేళ సంపు కబుర్లు

మార్చి నెలాఖరు. మా మధ్య న్యూజెర్సీలో డ్రైవ్‌వే మూలన పోసిన మంచు కుప్ప నల్లబడి, చిక్కిపోయి, ఇవాళో రేపో కనబడకుండా పోయేలా ఉంది. ఎదురింటి కంచె పొడవునా ఫోర్సీథియా పసుపుపచ్చగా విరగబూసింది. గడియారాలు గంట ముందుకు తిప్పుకుని రెండు వారాలైనా పిల్లలకు పొద్దున్నే లేవడం ఇంకా అలవాటు కాలేదు. ఓక్ ట్రీ రోడ్డు దుకాణాల్లో పచ్చి మామిడికాయలు, వేపపువ్వు పొట్లాలు వచ్చేశాయి. శనివారం సాయంత్రాలు మా బేస్‌మెంట్‌లో ఉగాది కార్యక్రమానికి పిల్లల డాన్సు సాధన. పాట ఆగినప్పుడు మూలన ఉన్న గుంటలోంచి గుర్రుమని ఓ మోత వస్తుంది. పది పన్నెండు సెకన్లు ఉండి, ఆఖర్న టప్పుమని చప్పుడు చేసి ఊరుకుంటుంది. కొత్తగా చేరిన పిల్ల ఉలిక్కిపడితే పాత పిల్లలే ధైర్యం చెబుతారు: "అది సంప్ పంపు, ఏం కాదు."

ఈసారి నా కబుర్లన్నీ ఆ మోత చుట్టూనే. ఎందుకంటే మా మావయ్యగారు రేపల్లె దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి కొన్ని వారాలైంది. వచ్చిన రెండోరోజే ఆ మూత తీయించి లోపలికి తొంగి చూశారు.

"సంపులో నీళ్లు తోడి బయట పారబోస్తున్నారేంటమ్మాయ్?"

ఆయన ఆశ్చర్యం న్యాయమైనదే. మన దగ్గర సంపంటే మంచినీళ్లు దాచుకునే చోటు. హైదరాబాద్‌లో నల్లా వచ్చే రోజు "సంపు నిండిందా?" అన్న మాటతోనే ఇల్లు లేస్తుంది. ఇక్కడ అదే మాట తలకిందులు. అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న ఈ గుంట నిండకుండా చూసుకోవడమే ఇంటి వాళ్ల పని. మన ఇంట్లో మోటారు ఆగితే ట్యాంకు ఖాళీ అవుతుంది. ఇక్కడ మోటారు ఆగితే ఇంట్లోకి నీళ్లొస్తాయి.

అసలు నేల తవ్వి గది కట్టుకోవడం ఎందుకని కూడా అడిగారు. చలికాలంలో ఇక్కడ నేల పైనుంచి గడ్డకడుతుంది. గడ్డకట్టిన మట్టి ఉబ్బుతుంది, పునాదిని పైకి నెడుతుంది. అందుకని మా వైపు పునాది అడుగు కనీసం మూడడుగుల లోతున ఉండాలి. ఎలాగూ తవ్వాలి కాబట్టి ఇంకో నాలుగైదు అడుగులు తవ్వి గది చేసుకున్నారు. ఆ గదిలోనే మన వాళ్ల సోనామసూరి బస్తాలు, ఆవకాయ జాడీలు, చుట్టాలొస్తే పడకలు, కూచిపూడి క్లాసులు. కానీ మంచు కరిగినా వాన పడినా చుట్టూ నేల నీళ్లు తాగుతుంది. ఆ తాగిన నీళ్లు గోడల పక్కన, నేల కింద చేరి గదిలోకి దారి వెతుక్కుంటాయి. వాటికి మనమే ఒక దారి చూపించాలి. పునాది చుట్టూ కంకర పరిచి, అందులో చిల్లుల గొట్టం వేసి, వాలుగా ఈ గుంటలోకి దించుతారు. గుంటలో పంపు ఆ నీటిని పైకి తోసి ఇంటికి దూరంగా వదులుతుంది.

మావయ్యగారు సగంలోనే అందుకున్నారు. "మురుగు కాలవ అన్నమాట." కృష్ణా డెల్టా రైతుకు ఇంతకంటే చెప్పాల్సింది లేదు. అక్కడ పంట కాలవ ఎంత ముఖ్యమో మురుగు కాలవ అంత ముఖ్యం. నీళ్లు రావడం ఒక ఎత్తు, సమయానికి పోవడం ఇంకో ఎత్తు. మురుగు పూడితే వరి దుబ్బులు కుళ్లిపోతాయని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నిజానికి ఈ ఇంటి పద్ధతి పుట్టింది కూడా పొలంలోనే. 1838లో న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా దగ్గర జాన్ జాన్‌స్టన్ అనే రైతు, తను పుట్టిన స్కాట్లండ్ నుంచి నమూనాలు తెప్పించుకుని, కాల్చిన మట్టి గొట్టాలు చేయించి పొలం కింద పూడ్పించాడు. అందుకే ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టం వేసినా పనివాళ్లు దాన్ని 'డ్రెయిన్ టైల్' అనే అంటారు. కంకర కాలవని 'ఫ్రెంచ్ డ్రెయిన్' అంటారు, దానికీ ఫ్రాన్సుకూ సంబంధం లేదు. మసాచుసెట్స్‌కు చెందిన హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ 1859లో పొలాల మురుగు గురించి పుస్తకం రాశాడు, ఆయన ఇంటిపేరే అది.

ఇక మా వీధి కబురు. 2021 సెప్టెంబరు 1 ఇక్కడెవరం మరచిపోం. అంతకు పది రోజుల ముందే హెన్రీ తుపాను నేలను నానబెట్టి వెళ్లింది. ఆ నానిన నేల మీద ఐడా తుపాను శేషం వచ్చి పడింది. నెవార్క్‌లో ఆ ఒక్కరోజే 8.41 అంగుళాల వాన. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు. ఆ రాత్రి న్యూయార్క్ నగరంలో నేలమాళిగ వాటాల్లో చిక్కుకుని 11 మంది చనిపోయారు. బయటికి దారి సరిగా లేని గదుల్లో అద్దెకుంటున్న కష్టజీవులు వాళ్లు. బేస్‌మెంట్ అనగానే నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

అదే రాత్రి తొమ్మిదిన్నరకు రెండిళ్ల అవతల ఉండే కరీంనగర్ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఒక్కసారి అన్నను పంపుతరా? కింద నీళ్లొస్తున్నయ్. పంపు నడుస్తలేదు." మేమిద్దరం వెళ్లేసరికి మెట్ల దగ్గర నాలుగంగుళాల నీళ్లు. వచ్చే బతుకమ్మకని దాచిన ఇత్తడి తాంబాలాలు ఒక మూల తేలుతున్నాయి, కార్పెట్ ఉబ్బి కాలి కింద మెత్తగా ఊగుతోంది అన్నది ఆ అమ్మాయి. మా ఆయన ముందు ఎవర్నీ దిగనివ్వలేదు. గ్యారేజీలో ఉన్న పెట్టెలో బేస్‌మెంట్ కరెంటంతా తీసేసి, టార్చి పట్టుకుని దిగారు. గుంటలో పంపు బాగానే ఉంది. కొత్తది కూడా. బంతిలా తేలే ఫ్లోటు మాత్రం తాడు మెలిపడి పంపుకూ గుంట గోడకూ మధ్య ఇరుక్కుంది. నీళ్లు పెరిగినా అది పైకి లేవలేదు, లేవకపోతే స్విచ్ పడదు. చీపురు కర్రతో దాన్ని పక్కకు నెట్టి, పైకొచ్చి కరెంటు వేయగానే గుర్రుమంది. అరగంటలో నేల కనబడింది. కానీ కార్పెట్ పోయింది, గోడల డ్రైవాల్ కింది నుంచి రెండడుగులు కోసి పారేయాల్సి వచ్చింది. తడిసినవి ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టేస్తుంది మరి.

పంపు రోజూ పనిచేస్తూ ఉంటే గుంటలో అదురుతుంది, అదిరి అదిరి కొంచెం కొంచెం తిరుగుతుంది. ఆ ఇంట్లో పంపు అలా తిరిగి తిరిగి ఫ్లోటును గోడకు ఆనించుకుంది. అందుకే పంపు కొనేటప్పుడు నేను మొదట చూసేది మోటారు కాదు, ఫ్లోటు. ఇరుకు గుంటలో తాడుకు కట్టిన ఫ్లోటు వద్దు. నిలువు కడ్డీ మీద పైకీ కిందికీ జారేది తీసుకోండి. చెడిపోయే పంపుల్లో ముందు చెడేది స్విచ్చే అని మా ప్లంబర్ కూడా అంటాడు.

హార్స్‌పవర్ విషయంలో మన వాళ్లు ఎక్కువ తీసుకుంటే మంచిదనుకుంటారు. మావయ్యగారు ఒప్పుకోలేదు. "నీళ్లెన్నొస్తున్నాయో చూడకుండా మోటారెట్టా కొంటారమ్మా?" అన్నారు. మొన్న గురువారం పెద్ద వాన పడితే ఆయనా నేనూ చెక్క స్కేలు, ఫోను పట్టుకుని కిందికి దిగాం. పంపు ఆగగానే స్కేలు గుంట అంచుకు ఆనించి నిమిషం చూశాం. నాలుగంగుళాలు పెరిగింది. అడుగున్నర వెడల్పు గుంటలో ఒక్క అంగుళం ఎత్తంటే నాలుగు లీటర్ల పైమాటే. అంటే నిమిషానికి పదిహేడు లీటర్లు, గంటకు వెయ్యి. లూయీవిల్‌లో తయారయ్యే జోయెల్లర్ ఎం53 అనే పచ్చ రంగు పంపు మా ఇంట్లో ఉంది, హార్స్‌పవర్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ. అది పదడుగుల ఎత్తుకు నిమిషానికి 34 గ్యాలన్లు, అంటే దాదాపు 129 లీటర్లు తోస్తుంది. మా వానకు ఏడు రెట్లు. మా ఇంటికి ఇది చాలు. ఇంకా పెద్దది పెడితే గుంటను క్షణంలో ఖాళీ చేసి ఆగిపోతుంది, మళ్లీ వెంటనే మొదలవుతుంది. అలా ఆగి ఆగి నడిచే మోటారు తొందరగా కాలిపోతుంది. లెక్క చూసుకునేటప్పుడు పైపు ఎంత ఎత్తు ఎక్కాలో మరవొద్దు. ఇదే పంపు పదిహేనడుగుల ఎత్తుకైతే 19 గ్యాలన్లే తోస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసే అంకె ఒక్కోసారి ఎత్తు లేకుండా చెప్పింది. పదడుగుల దగ్గర ఎంత అని అడిగి కొనండి.

ప్లాస్టిక్ పంపు చవక. పోత ఇనుముది ఖరీదు, కానీ మోటారు వేడిని ఇనుము నీళ్లలోకి లాగేస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. నా ఓటు ఇనుముకే. మోటారు పైన నిలబడి ఉండే కర్రపంపులూ ఉన్నాయి, మరీ ఇరుకు గుంటలకు తప్ప వాటి జోలికి పోనక్కర్లేదు.

డెలివరీ పైపులో ఉన్న చెక్ వాల్వ్‌ను మావయ్యగారు చూడగానే గుర్తుపట్టారు. "ఇది మన ఫుట్ వాల్వ్ తమ్ముడు." పంపు ఆగాక పైపులో నిలిచిన నీళ్లు మళ్లీ గుంటలో పడకుండా ఆపేది అదే. ఆ టప్పుమనే చప్పుడు దాని తలుపు మూసుకోవడం. మోటారు గాలి పట్టే సంగతీ ఆయనకు కొత్త కాదు. చేలో బిందెతో నీళ్లు పోసి గాలి తీసిన చేతులవి. ఇక్కడ దానికి విరుగుడుగా పంపుకూ చెక్ వాల్వ్‌కూ మధ్య పైపుకు అంగుళంలో మూడు పదహారో వంతు చిల్లు పెడతారు. అందులోంచి పంపు నడిచినప్పుడల్లా సన్నటి ధార గుంటలోకి చిమ్ముతుంది. అది కారుడు కాదు, గాలి పోయే దారి. ఎవరైనా టేపు చుట్టి మూసేస్తే పంపు మోగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఎక్కవు. మా పరిచయస్తుల ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

నాకు అన్నిటికంటే భయం కరెంటు. పెద్ద వానా కరెంటు పోవడం జంటగా వస్తాయి. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను వచ్చినప్పుడు మా చుట్టుపక్కల వారం దాటి కరెంటు లేని ఇళ్లున్నాయి. ఎంత మంచి పంపైనా ఆ వారం అది ఇనుప ముద్దే. అందుకే దాని పక్కనే బ్యాటరీతో నడిచే రెండో పంపు ఉండాలి. మన ఇళ్లలో ఇన్వర్టర్ ఉన్నట్టే ఇదీ. కారు బ్యాటరీ పనికిరాదు, నెమ్మదిగా చాలాసేపు కరెంటిచ్చే డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. నీళ్లు పోసే రకమైతే రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, మూడు నుంచి ఐదేళ్లలో బ్యాటరీ మార్చాలి. మావయ్యగారు ఇన్వర్టర్‌కు చేసినట్టే మూతలు తీసి చూసి, రెండు గదుల్లో తగ్గాయని చెప్పి పోశారు. ఊరి నల్లా నీటి ఒత్తిడితో నడిచే పంపులూ ఉన్నాయి. వాటికి బ్యాటరీ అక్కర్లేదు, కానీ రెండు గ్యాలన్లు తోడడానికి ఒక గ్యాలన్ మంచినీళ్లు పోతాయి. బోరు ఉన్న ఇళ్లకు అసలు కుదరదు, కరెంటు పోతే బోరూ ఆగుతుంది కదా. జనరేటర్ ఉన్నవాళ్లు దాన్ని గ్యారేజీలో కూడా నడపొద్దు. ఆ పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

తోడిన నీళ్లు ఎటు పోతున్నాయో ఒకసారి బయటికెళ్లి చూడండి. గోడ పక్కనే వదిలితే అవే నీళ్లు మళ్లీ గుంటలోకి వస్తాయి, పంపు ఒకే నీటిని పదిసార్లు తోడుతుంది. కనీసం పదడుగుల దూరం పోవాలి. పక్కింటి వాళ్ల పెరట్లోకి కాదు. ఇంటి మురుగు పైపులోకి కలపడం చాలా ఊళ్లలో నేరం, వానలో ఊరి మురుగంతా పొంగడానికి అదొక కారణం. జనవరిలో బయటి పైపు చివర గడ్డకట్టిందేమో కూడా చూసుకోవాలి. వాలు సరిగా ఉంటే నీళ్లు నిలవవు, నిలవకపోతే గడ్డకట్టవు.

మా పైపు చివర మావయ్యగారు ఓ పెద్ద డ్రమ్ము పెట్టారు. నిండాక మిగతాది ముందుకు పోయేలా గొట్టం అమర్చారు. నీళ్లు ఊరికే పోవడం ఆయన చూడలేకపోయారు. కిటికీ దగ్గర ట్రేలలో గోంగూర, బీర గింజలు వేశారు. ఇక్కడ మే మధ్య దాకా రాత్రి మంచు భయం ఉంటుంది కాబట్టి మొక్కలు అప్పుడు పెరట్లోకి వెళ్తాయి. ఆ డ్రమ్ము నీళ్లు వాటికి.

ఇళ్లు కొనే కాలమూ ఇదే. ఆదివారాలు మా వీధిలో ఇల్లు చూడ్డానికి వచ్చే జంటలు వంటగది రాయి, గదుల లెక్క చూసి వెళ్లిపోతున్నారు. కిందికి దిగండి. మూలన గుంట ఉంటే మూత తీయించి చూడండి, గోడ అడుగున తెల్లటి ఉప్పు చారలున్నాయేమో వేలితో రుద్ది చూడండి. 2024 నుంచి న్యూజెర్సీలో ఇల్లమ్మేవాళ్లు వరద సంగతులు చెప్పి తీరాలని చట్టం వచ్చింది, అడగడానికి మొహమాటం వద్దు. గుంట మూత బిగుతుగా ఉండడమూ ముఖ్యమే. చిన్నపిల్లల కోసం ఒకటి, నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు కోసం ఇంకొకటి.

బీమా గురించి ఒక్క మాట. మామూలు ఇంటి పాలసీ సంపు పొంగితే డబ్బివ్వదు. దానికి విడిగా 'వాటర్ బ్యాకప్' అనే చేర్పు తీసుకోవాలి. వరద బీమా మళ్లీ వేరు, ప్రభుత్వ పథకంలో చేరితే మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. అదైనా బేస్‌మెంట్‌లో పంపు, ఫర్నేస్ లాంటివాటికి ఇస్తుంది కానీ మీరు వేయించిన చెక్క నేలకూ సోఫాకూ ఇవ్వదు. పెళ్లి ఆల్బములు, అమ్మ చీరలు కింద పెట్టకండి, పైన పెట్టండి.

హైదరాబాద్ నుంచి మా అన్నయ్య ఫోన్‌లో ఇవన్నీ విని, వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్ మోటారు రెండేళ్లుగా ఎవరూ వేసి చూడలేదన్నాడు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు అక్కడ ఎన్ని సెల్లార్లు మునిగాయో అందరికీ తెలుసు. మృగశిర లోపల ఒకసారి నడిపించి చూడమన్నాను. పెద్ద వాన మొదలవగానే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయమన్నాను. అన్నిటికంటే ముందు, వాచ్‌మన్ కుటుంబానికి వానాకాలం రాత్రుళ్లు పైన పడుకునే చోటు ఇమ్మన్నాను. సంఘం మీటింగులో పెడతానన్నాడు.

పంపుకు ఏడాదికి నాలుగుసార్లు చేయాల్సిన పని పావుగంటది. బకెట్ నీళ్లు నెమ్మదిగా గుంటలో పోయాలి. ఫ్లోటు లేస్తుందా, పంపు అందుకుంటుందా, ఆగాల్సిన చోట ఆగుతుందా చూడాలి. తర్వాత ప్లగ్ తీసేసి, చెయ్యి పెట్టి అడుగున చేరిన కంకర రాళ్లు, బురద తీయాలి, జాలీ తోమాలి. నీళ్లలో ఇనుము ఎక్కువైతే నారింజ రంగు జిగురు కడుతుంది, అది ఫ్లోటుకు పడితే ఇంకా తరచుగా కడగాలి. ప్లగ్‌ను ఎక్స్‌టెన్షన్ తీగకు పెట్టకండి. గుంట అంచున ఒక చిన్న నీళ్ల అలారం పెట్టండి, అది పదిహేను ఇరవై డాలర్లకే వస్తుంది. మేం గడియారం తిప్పే రెండు ఆదివారాలూ, జూన్ మొదట్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చేస్తాం. ఈసారి బకెట్ మావయ్యగారు పట్టుకున్నారు.

నెవార్క్ బ్రాంచ్ బ్రూక్ పార్కులో ఐదు వేల చెర్రీ చెట్లు ఏప్రిల్‌లో పూస్తాయి, ఆయన్ని తీసుకెళ్తున్నాం. మీరూ వెళ్లి రండి. వెళ్లే ముందు, వాన లేని ఒక సాయంత్రం చూసుకుని, బకెట్ నీళ్లతో కిందికి దిగండి. మీ పంపు పదేళ్లు దాటిందైతే నడుస్తున్నా సరే, ఏప్రిల్ వానలు ముదరకముందే మార్చేయండి.